కోట మీద పొద్దు

పాతపాళ్యలో సులోచనమ్మ వాళ్ళది అంగడి ఇల్లు. ఆ ఇంట్లో ఏది కొలిచినా పైన కొంచెం పడాల్సిందే. శేరు కందిపప్పు కొలిస్తే గుప్పెడు, పావు బెల్లం తూస్తే చిటికెడు ముక్క. దాన్ని కొసరు అంటారు. కొసరు లేకుండా ఎవరి చేతిలోనూ ఏదీ పెట్టకూడదని ఆమె కాపురానికి వచ్చిన మొదటి వారమే అత్తగారు చెప్పింది. నలభై ఏళ్ళుగా అది ఆమె చేతికి పట్టేసింది. ఇంట్లో దోసెలు పోసినా మనిషి లెక్కకు ఒకటి ఎక్కువ.

ఆ రోజు తెల్లవారేసరికి ఆమె బెల్లం పాకం ముందర కూర్చుని ఉంది. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు, ఎండాకాలం, బడి మూసి రజా ఇచ్చిన మొదటి గురువారం. నీళ్ళలో వేసిన పాకం చుక్క ముద్దగా నిలిచింది. బొరుగులు పోసి, కలిపి, చేతులకు నెయ్యి రాసుకుని వేడి మీదే ఉండలు కట్టింది. కొడుకు పిల్లలకు రెండు, పక్కింటి పుట్టమ్మ మనవళ్ళకు మూడు, కూతురి కూతురు సుజాతకు ఒకటి. ఆరు. పైన కొసరు ఒకటి. ఏడింటినీ పాత పంచె ముక్కలో మూట కట్టింది.

పిల్లల తలలు లెక్కపెట్టే అలవాటు ఆ ఇళ్ళలో లేదు. పిల్లలను ఒకటి రెండు అని వేలు చూపించి లెక్కపెడితే వాళ్ళకు మంచిది కాదంటారు. అందుకని చేతిలో పెట్టే తినుబండారాలే లెక్క. అన్నీ అయిపోతే పిల్లలందరూ ఉన్నట్టు.

కొండ మీది కోటకు పిల్లలను తాను ఒక్కతే తీసుకుపోతానని సులోచనమ్మ ముందు రోజే చెప్పేసింది. కోడలు అంబుజ, ఎందుకత్తా ఈ ఎండలో, ఆదివారం మీ కొడుకు ఊరినుంచి వస్తారు కదా తోడు అంది. సులోచనమ్మ వినలేదు. ఎందుకు వినలేదో ఇద్దరికీ తెలుసు.

సులోచనమ్మ కూతురు వనజాక్షి జ్వరంతో పోయి మూడేళ్ళయింది. అల్లుడు పట్టాభిరామకు చింతామణిలో బట్టల అంగడి. నాలుగేళ్ళ పిల్లను అమ్మమ్మ ఒడిలో పెట్టి పోయినవాడు, ఆరు నెలలకు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పండుగకు ఉత్తరం రాసేవాడు. రావడం తగ్గింది, తర్వాత మానేశాడు. ఇప్పుడు సుజాతకు ఏడేళ్ళు.

ఈ ఏడాదిగా సులోచనమ్మకు మతిమరుపు వచ్చింది. మొదట చిన్నవే. కూరలో రెండుసార్లు ఉప్పు వేయడం, పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి పోవడం. ఆమె దాన్ని దాచిపెట్టుకుంది. గుర్తుంచుకోవాల్సిన పనికల్లా చీర కొంగుకు ఒక ముడి వేసుకునేది. సాయంత్రానికి కొంగు నిండా ముడులుండేవి, ఏ ముడి దేనికో తెలిసేది కాదు. అట్లా ఒకనాడు సుజాతను పిలుచుకురావడానికి బడికి పోయి, ఎందుకొచ్చిందో తోచక, మేష్ట్రును కుశలం అడిగి ఒట్టి చేతులతో తిరిగి వచ్చింది. పిల్ల గేటు దగ్గర చీకటి పడేదాకా నిలబడి ఉంది.

అంబుజ చెడ్డ మనిషి కాదు. ఆ రాత్రి ఏమీ అనలేదు. వారం తర్వాత వంటింట్లో, చేతులు తుడుచుకుంటూ, ఎదురుగా నిలబడి చెప్పింది.

"అత్తా, నేను చింతామణికి జాబు రాసినాను. మీకు తెలియకుండా చేసినానని రేపు అనుకోకూడదు. అంగడి చూసుకోవాల, ఇద్దరు పిల్లోళ్ళను చూసుకోవాల, మిమ్మల్ని చూసుకోవాల. పాపకు ఏమన్నా అయితే ఊరు నన్ను అంటాది."

పట్టాభిరామ జవాబు రెండు ముక్కలు. గురువారం సాయంత్రం బస్సుకు వస్తాను, అదే బస్సుకు తిరిగి పోతాను అని. సుజాతను తీసుకుపోతాడని ఇంట్లో అందరికీ అర్థమైంది. అంబుజ పిల్ల బట్టలు ఉతికి మడతపెట్టింది. సులోచనమ్మ మాత్రం మనసులో ఒక ఉపాయం వేసుకుంది. అల్లుడు బస్సు దిగేసరికి, ఆరుగురు పిల్లలను కోట ఎక్కించి దించి, కాళ్ళు కడిగి అన్నం పెట్టిన మనిషిగా గడపలో కనబడాలి. చూస్తే ఆయనే అనుకుంటాడు, ఈమెకేమీ కాలేదు, పిల్ల ఇక్కడే ఉండనీలే అని.

ఆ కోట ఎప్పటిదో పాళెగాండ్లది. గోడలు సగం కూలిపోయాయి. ముఖద్వారం, ధాన్యపు కొట్టు, గుర్రాల సాల మొండిగోడలు, రాతిలో ఒక నీళ్ళ దొన మిగిలాయి. మనిషి పైన ఉన్నంతసేపు కోట మీద పొద్దు గూకదు. కింద ఊళ్ళో దీపాలు పెట్టుకున్నా పైన నాలుగు గంటల ఎండ అట్లాగే ఉంటుంది. మేకలుంటే లెక్కలేదు, మనిషి ఉండాలి. దాన్ని గురించి ఊళ్ళో మాట్లాడుకుంటే విసుక్కోవడానికే మాట్లాడుకుంటారు. కొండ వారగా ఇళ్ళున్నవాళ్ళ కోళ్ళు ఆ వెలుతురుకు గూట్లోకి పోవు. ఒకసారి తొండేభావి నుంచి వచ్చిన పెళ్ళివాళ్ళు పైన పేకాటలో పడి దిగకపోతే, ఊరివాళ్ళు పోయి తిట్టి దించుకొచ్చారు. కడపటి బస్సు కండక్టరు గంగాధరప్ప బస్సు తిప్పే ముందు తలెత్తి కోటవైపు చూస్తాడు. పైన వెలుతురుంటే, దిగి రావాల్సినవాళ్ళున్నారని వాళ్ళు వచ్చేదాకా ఆగుతాడు.

కొండ కింద మేకలు కాసే కొండప్ప బండ మీద కూర్చుని ఉన్నాడు. పిల్లల గుంపును చూసి, ఏమమ్మా, పాళెగాని మీదికి దండు తీసుకొని పోతాండావా అని నవ్వాడు. సులోచనమ్మ మూట విప్పి అతనికి ఒక ఉండ ఇచ్చింది. కొసరు ఉండాదిలే, తిను అంది. ఆ మాట అనడం ఆమెకు బాగుంది. ఇచ్చే చేయి ఇంకా సరిగ్గానే ఉందనిపించింది.

పైన ఆ రోజంతా ఆమెకు పండుగలా గడిచింది. చద్దన్నం తిన్నారు. దొనలో కాళ్ళు పెట్టుకున్నారు. పిల్లలు గుర్రాల సాలలో తామే గుర్రాలై పరుగెత్తారు. పాళెగాని తల్లి ముట్టడిలో మూడు నెలలు రాగులు కొలిచి పోసిన కథ చెప్పమంటే, మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా చెప్పింది. పేర్లతో సహా. అల్లుడు ఈ కథ వినుంటే బాగుండేదని కూడా అనుకుంది. సుజాత ఆమె మోకాలికి ఆనుకుని కూర్చుని, కథ అయిపోయినాక, అవ్వా, ఈ పొద్దు నాయన వస్తాడా అని అడిగింది. వస్తాడు అంది సులోచనమ్మ. పిల్ల లేచి ధాన్యపు కొట్టు వైపు పోయింది.

దిగేవేళకు ముఖద్వారం దగ్గర నిలబడి మూట విప్పింది. ఒక్కొక్క చేతిలో ఒక్కొక్క ఉండ. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ, ఉండ తీసుకుని మెట్ల మీదికి దూకుతున్నారు. చివరికి మూటలో ఒకటి మిగిలింది. ఆమె దాన్ని చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత, కొసరు కదా అనుకుంది. లెక్క సరిపోయినందుకు ఎంత తృప్తి కలిగిందంటే, మూట ముడి వేసేటప్పుడు చిన్నగా నవ్వుకుంది కూడా.

ఇల్లు చేరేసరికి అంబుజ అంగడిలో బేరాల మధ్య ఉంది. పిల్లలు ఎవరిళ్ళకు వాళ్ళు పరుగెత్తారు. సులోచనమ్మ స్నానం చేసి, పెట్టె అడుగున ఉన్న జరీ అంచు చీర కట్టుకుని, విడిచిన చీర కొంగున ఉన్నన్ని ముడులు దీనికీ వేసుకుని, అరుగు మీద వచ్చి కూర్చుంది. పొద్దు గూకింది. వీధిలో దీపాలు వెలిగాయి. పుట్టమ్మ బయటికొచ్చి కొండవైపు చూసి, ఎవురో పైన ఉండారే అంది.

సులోచనమ్మా చూసింది. కోట మీద ఎండ పచ్చగా కాస్తూ ఉంది. కూలిన బురుజు రాళ్ళు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. పైన ఒక చిన్న ఆకారం గోడ వెంబడి నడిచి కూర్చుంది. పిల్లలా ఉంది.

సులోచనమ్మ నాలుక చప్పరించింది. "ఎవురి పిల్లో పాపం. చేతిలో ఉన్న పిల్లను మరిచొచ్చేదానికి మనసెట్ల వస్తాదమ్మా? ఇట్లాంటోళ్ళ చేతికి పిల్లలనెందుకిస్తారో."

లోపల అన్నం తింటున్న మనవడు ముద్ద మింగి అడిగాడు. "అవ్వా, సుజాతకు ఇంకా ఆకలి కాలేదా?"

పుట్టమ్మ ఆమె వైపు చూడలేదు. కోట వైపే చూస్తూ నిలబడింది. చూసి ఏదైనా అని ఉంటే సులోచనమ్మకు అంత బాధ ఉండేది కాదు. లోపల మనవడు మజ్జిగ అడుగుతున్నాడు. వీధి మలుపులో కడపటి బస్సు లైట్లు కనబడ్డాయి. ఆమె లేచి, జరీ అంచు చీరతోనే, కొండవైపు నడిచింది. వీధి మొత్తం అరుగుల మీదే ఉంది. ఎక్కడికమ్మా అని ఒక్కరూ అడగలేదు. ఎక్కడికో అందరికీ తెలుసు. పైన అంత వెలుతురు పెట్టుకుని ఎవరికి తెలియకుండా ఉంటుంది?

కొండ కింద కొండప్ప మేకలను తోలుకుంటూ లాంతరు ఆమె చేతికిచ్చాడు. ఏదో ఒక మాట అనాలని, పొద్దున ఉండ శానా బాగుండెనమ్మా అన్నాడు.

అప్పుడు తెలిసింది ఆమెకు. కొసరు పొద్దున్నే అయిపోయింది. మూటలో మిగిలింది సుజాతది.

మెట్లు చీకట్లో ఎక్కింది. ముఖద్వారం దాటగానే ఎండ. లాంతరు చేతిలో వెలుగుతూనే ఉంది, అయినా పనికిరానిదైపోయింది. సుజాత కొట్టు ముందర గులకరాళ్ళతో ఆడుకుంటోంది. ఏడ్చిన గుర్తు లేదు. అవ్వను చూసి రాళ్ళు దగ్గరికి తీసుకుని చోటిచ్చింది.

నేను దాక్కుంటిని అవ్వా, కొట్టులో అని తానే చెప్పింది. పొద్దు గూకితే నాయన వచ్చి తీసుకుపోతాడు కదా, తాను పైనే ఉంటే పొద్దు గూకదు కదా అనుకున్నదట. కింద గూకింది పాపా అంది సులోచనమ్మ. తెలుసు, దీపాలు కనబడె అంది పిల్ల. కాసేపు రాళ్ళు ఎగరేసి పట్టింది. తర్వాత మెల్లగా అంది.

"నువ్వు పిలుస్తావని చూస్తిని. పిలిస్తే వచ్చేదాన్నే. సందులోనుంచి నువ్వు అగపడతాంటివి. ఒక ఉండ మిగిలె. నువ్వు దాన్ని చూస్తివి. చూసి మూట కట్టుకొంటివి."

తిట్టినట్టు అనలేదు. జరిగింది చెప్పినట్టు చెప్పింది. సులోచనమ్మ ఆ ఎండలో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేల వైపు చూస్తూ కూర్చుంది. చీకటైతే కొంచెం దాక్కోవచ్చు. అక్కడ చీకటి లేదు.

కాసేపటికి పట్టాభిరామ వచ్చాడు. ఊరంతా చూపించి ఉంటుంది దారి. చెప్పులు ఒక చేతిలో, కాగితం పొట్లం ఒక చేతిలో పట్టుకుని, ఆయాసపడుతూ ద్వారంలో నిలబడ్డాడు. సులోచనమ్మ అల్లుడితో ఎప్పుడు మాట్లాడినా తలుపు చాటున నిలబడే మాట్లాడేది. ఇక్కడ చాటు లేదు. లేచి, కొంగు తల మీదికి లాక్కుంది. కొంగుకున్న ముడులన్నీ ఆయన కళ్ళ ముందుకొచ్చాయి.

అత్తా, పాపను మరిచొచ్చినారంట అని ఆయన అడగబోయాడో, అడగనే లేదో, సుజాత ముందుకొచ్చేసింది. "అవ్వ మరువలేదు. నేనే దాక్కుంటిని. అవ్వ పిలిచె. నేనే పలకలేదు."

సులోచనమ్మ మాట్లాడలేదు. పిల్ల తన కోసం అబద్ధం చెబుతోంది. ఊరుకుంటే చాలు. దాక్కున్న పిల్ల తప్పే కానీ అవ్వ తప్పు కాదని ఆయన నమ్ముతాడు, కింద ఊరూ నమ్ముతుంది, పిల్ల ఇక్కడే ఉండవచ్చు. ఎంతసేపు ఊరుకుందో ఆమెకే తెలియదు. ఊరుకున్న ఆ కాసేపటికి ఆమె తర్వాత చాలాకాలం సిగ్గుపడింది. మరిచిపోయినందుకంటే ఎక్కువ.

చివరికి అంది. "లేదప్పా. పాప దాక్కున్నమాట నిజమే. నేను పిలవలేదు. లేదని కూడా నాకు తెలీలే. ఇంటికి పోయి నీళ్ళు పోసుకొని, ఈ చీర కట్టుకొని, మీకోసరం అరుగు మీద కూర్చుంటిని. ఇక్కడ వెలుతురు చూసి ఎవురి పిల్లో అంటిని." కొంగు చూపించింది. "ఇవన్నీ నేను గుర్తుపెట్టుకోవాల్సినవి. ఒక్కటీ తెలియదు. అంబుజ రాసింది నిజం. పాపను తీసుకొని పొండి."

పట్టాభిరామ రాతి మీద కూర్చున్నాడు. చెప్పులు కింద పెట్టాడు, పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బస్సులో అందరూ ఈ వెలుతురు చూసి నవ్విరత్తా. నేనూ నవ్వితిని. ఏ తండ్రో పిల్లను పారేసుకున్నాడంటిని."

సుజాత ఆయన ముందర నిలబడి అడిగింది. "నన్ను పిల్చుకొని పోను వస్తివా?"

కింద బస్సు హారను ఒకసారి మోగింది. అదే బస్సుకు తిరిగి పోతానని రాసిన మనిషి, హారను విని కూడా లేవలేదు. తర్వాత చెప్పాడు. తీసుకుపోవడానికి రాలేదు. ఇంట్లో భార్య ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదని చెప్పడం సులభం కానీ, తాను గట్టిగా అడిగిందీ లేదు. ఈ పొట్లం పిల్ల చేతికిచ్చి, కుదరదని చెప్పి, వచ్చిన బస్సుకే పోదామని వచ్చాడు.

సులోచనమ్మ వారం రోజులుగా ఏ మాట వినాలని దేవుడికి మొక్కుకుందో అదే మాట అది. పిల్లను ఎవరూ తీసుకుపోరు. కానీ అది పిల్ల వింటుండగా వినాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు. చెవులు మూయడానికి పిల్ల దగ్గరికి పోయింది. అప్పటికే సుజాత పొట్లం విప్పుతోంది.

లోపల గులాబీ రంగు గౌను. కుచ్చులు, లేసు. చింతామణిలో మంచి బేరం గల అంగడి ఆయనది. గడపలో అడుగుపెట్టిన మనిషిని చూస్తూనే ఎన్ని గజాలు పడుతుందో చెప్పేవాడు. సుజాత గౌనును భుజాలకు ఆనించి పట్టుకుంది. అది మోకాలికి జానెడు పైనే ఆగిపోయింది. నాలుగేళ్ళ పిల్ల గౌను.

పిల్ల కిందికీ పైకీ చూసుకుని, దాన్ని జాగ్రత్తగా మడిచింది. బాగుండాది అంది.

పట్టాభిరామ ముఖం తుడుచుకున్నాడు. కింద హారను రెండోసారి మోగింది. మూడోసారి మోగుతుండగా లేచి, గోడ దగ్గరికి పోయి, కింద కనబడని గంగాధరప్పకు పొమ్మని చేయి ఊపాడు. ఎండలో నిలబడ్డవాడు కాబట్టి చీకట్లో ఉన్నవాళ్ళందరికీ కనబడ్డాడు. బస్సు కదిలింది. కోట మీద వెలుతురుండగా ఆ బస్సు పోవడం ఊరివాళ్ళు చూడటం అదే మొదటిసారి.

ఆయన తిరిగి వచ్చి, పిల్లను ఎదురుగా నిలబెట్టుకుని, వేళ్ళు చాచి భుజం నుంచి మోకాలిదాకా జానలు వేశాడు. మూడేళ్ళలో ఆమెను తాకడం అదే మొదలు. మూడు జానల పైన రెండు వేళ్ళు. మళ్ళీ కొలిచాడు. సుజాత చక్కిలిగింతకు మెలికలు తిరిగింది.

"వచ్చే గురువారం సరిగ్గా తెస్తాను" అన్నాడు. "గురువారం మా అంగడికి సెలవు."

"తెచ్చి, అదే బస్సుకు పోతావా?"

"నువ్వు పైన ఉంటే బస్సు పోదు గదా."

ముగ్గురూ అక్కడే కూర్చున్నారు. పొద్దు గూకనిచోట తొందరేముంది? పిల్ల ఆయనకు గులకరాళ్ళాట నేర్పింది. ఆయన ఓడిపోయాడు. సులోచనమ్మ కొంచెం ఎడంగా, వాళ్ళ వైపు నేరుగా చూడకుండా కూర్చుంది. ఆమె సిగ్గు తగ్గలేదు. పక్కన ఇంకొక మనిషి సిగ్గు వచ్చి కూర్చుంది, అంతే. దిగేటప్పుడు కొండ కింద అంబుజ ఇంకొక లాంతరుతో నిలబడి ఉంది. అత్త చేయి పట్టుకుంది.

ఆ తర్వాత పాతపాళ్యలో గురువారాలు పొడుగైపోయాయి. పట్టాభిరామ వచ్చేవాడు, తండ్రీకూతుళ్ళు కోట ఎక్కేవాళ్ళు, మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు సులోచనమ్మా ఎక్కింది. గంగాధరప్ప గొణుక్కుంటూనే బస్సు ఆపేవాడు. కొండ వారగా ఉన్నవాళ్ళు ఆ రోజు కోళ్ళను తట్టల కింద మూసేవాళ్ళు. మొదట్లో అంగడికొచ్చినవాళ్ళు సులోచనమ్మను చూసి మాట ఆపి, ఆమె లోపలికి పోయాక మొదలుపెట్టేవాళ్ళు. ఆమె వినేది. విననట్టు ఉండటం మానేసింది. కొంగుకు ముడులు వేయడం కూడా మానేసింది. తెలియనిది అంబుజను అడిగేది.

అట్లా నాలుగేళ్ళు. ఎక్కాలు నేర్చుకునేదీ, పద్దెం ఒప్పజెప్పేదీ, అమ్మ ఎట్లా ఉండేదని అడిగేదీ, అన్నీ ఆ ఎండలోనే. నాలుగో ఏట ఒక గురువారం పట్టాభిరామ వెంట చింతామణి నుంచి ఆయన భార్య కూడా వచ్చింది, ఎత్తుకున్న బిడ్డతో. మెట్లు ఎక్కి, చాలాసేపు పైనే ఉండి, సుజాత చేయి పట్టుకుని దిగింది.

సుజాత హైస్కూలుకు చింతామణి పోవాలని నిర్ణయమైంది. ఎవరూ పంపలేదు, తానే పోతానంది. ఆ సంగతి సులోచనమ్మకు అంబుజ చెప్పింది, సుజాత చెప్పింది, అల్లుడు వచ్చి చెప్పాడు. విన్న ప్రతిసారీ ఆమె సంతోషించింది. విన్న ప్రతిసారీ మరిచిపోయింది. పిల్ల పోయిన రోజు కూడా బస్సు దాకా వచ్చి, ఇంటికి వచ్చాక, సుజాత ఇంకా బడి నుంచి రాలేదేమని అడిగింది.

తర్వాతి గురువారం ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. అంబుజ అంగడి మూసి పక్కన వచ్చి కూర్చుంది. వీధిలో దీపాలు పెట్టారు. సులోచనమ్మ కొండవైపు చూస్తూ ఉంది. కోట మీది ఎండ కొంచెం కొంచెంగా ఎర్రబడి, బురుజు దిగి, గోడ దిగి, అన్ని కొండల మీదా గూకినట్టే మామూలు వేళకు గూకిపోయింది.

ఆమె అంబుజను ఏమీ అడగలేదు. పైన ఎవరూ లేరు. పాప చేరాల్సినచోటికి చేరిందని ఆ చీకటిని చూసి తెలుసుకుంది.